నలభై రోజులు నోరెత్తని కుక్క ఇప్పుడు మా మావయ్య మీద గుర్రుమంటోంది. తప్పు చేసేమా?

చోడి వాళ్లమ్మ, విజయనగరం (సెప్టెంబరు 9)

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి. హైస్కూల్లో లెక్కలు చెప్తాను, స్టెప్పులు వదిలేసి జవాబు రాసే అలవాటు లేదు.

జూలై మధ్యలో విశాఖలో ఒక షెల్టర్‌కి వెళ్లేం. మమ్మల్ని చూడగానే కుక్కలన్నీ జాలీల మీదకి ఎగబడి ఒకటే గోల. ఒక గదిలో నాలుగుంటే మూడు మా మీదకి ఉరికేయి. నాలుగోది వెనక మూల గోడవైపు తిరిగి కూచుంది, తల కూడా తిప్పలేదు. "అమ్మా, ఇది మంచిదే, అల్లరి చెయ్యదు" అన్నాడు మావాడు, ఎనిమిదో క్లాసు. నాకూ అదే అనిపించింది. ఇంట్లో 78 ఏళ్ల మావయ్య ఉన్నారు కదా, నెమ్మదైనదైతే మేలని దాన్నే అడిగేం. ఆడది, మూడేళ్లుంటాయన్నారు. ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తట. ఎవరైనా పెంచి వదిలేసేరో, వీధిలోనే పుట్టిందో వాళ్లకీ తెలీదు. మెడ చుట్టూ వెంట్రుకల్లేని గీత ఒకటి ఉంది, తాడు ఒరుసుకుపోయినట్టు.

అక్కడ దాని పేరు రోజీ. ఇంటికొచ్చేక మావయ్య కళ్లజోడు సర్దుకుని చూసి "ఇదేటి, చోడి అంబలి రంగులో ఉంది" అన్నారు. అంతే, చోడి అయిపోయింది (చోడి అంటే మా వైపు రాగులు).

కారులో దారంతా చొంగ కార్చుకుంటూనే ఉంది. తగరపువలస దాటేక వాంతి. దాసన్నపేటలో మా ఇంటి గుమ్మం దగ్గర దించగానే నేరుగా నడిమింట్లోకి వెళ్లి కుట్టుమిషన్ వెనక దూరింది. మూడు రోజులు అక్కడే. పెరుగన్నంలో గుడ్డు కలిపి పెట్టేను, మా ఎదుట ముట్టుకోలేదు. రాత్రి ఒంటిగంటకి మెలకువొస్తే చీకట్లో స్టీలు కంచం గచ్చు మీద జరుగుతున్న చప్పుడు. నాకుతూంటే కంచం జరిగి జరిగి గోడకి తగిలింది. ఆ టంగుమన్న శబ్దానికి నాకడం ఆగిపోయింది. నేను ఊపిరి బిగబట్టి పడుకున్నాను. చాలాసేపటికి మళ్లీ మొదలైంది.

ఇంకో వింత. పెరట్లో జామచెట్టు కింద బోలెడు మట్టి ఉంది. దానికి ఆ మట్టి అక్కర్లేదు. ఆపుకుని ఆపుకుని, అంట్లు తోముకునే సిమెంటు గచ్చు మీదే వెళ్లేది. రోజుకి రెండుసార్లు కడుక్కుని చచ్చేను. ఇనప బకెట్టు చప్పుడైతే చాలు, మూలకి పోయి గోడవైపు తిరిగిపోయేది. పడుకుంటే పక్కకి ఒరిగి పడుకోవడం అన్నది చూళ్లేదు. కాళ్లు కిందే పెట్టుకుని, గడ్డం ముందుకాళ్ల మీద ఆనించి, నా పట్టీల చప్పుడుకి ఒక కన్ను తెరిచేది.

నలభై రోజులు ఒక్క అరుపు లేదు. పాలబ్బాయి వచ్చినా, పేపరు పడినా ఉలుకూపలుకూ లేదు. "ఎంత బుద్ధిమంతురాలండీ మీ కుక్క" అని ఇరుగుపొరుగు అంటే నా పెంపకమే అన్నట్టు పొంగిపోయేను. స్టాఫ్‌రూమ్‌లో గొప్పలు కూడా చెప్పేను, అబద్ధమెందుకు.

43వ రోజు గ్యాస్ సిలిండరు కుర్రాడి మీద మొదటిసారి మొరిగింది. మావాడు చప్పట్లు కొట్టేడు, నేను వీడియో తీసేను. అక్కడితో ఆగితే బాగుణ్ణు. ఆ తరవాత రెండు వారాల్లో మా ఆయన చెప్పులు మూడు కొరికేసింది. మూడూ ఎడమకాలివే. నేను బస్సెక్కడానికి వెళ్లిన దగ్గర్నుంచీ ఏడుపు, పక్కింటావిడ వీడియో తీసి పంపుతోంది. గేటు దగ్గర కొత్తమనిషి కనపడితే మీదకి ఉరుకుతోంది.

అసలు సంగతి మొన్న గురువారం జరిగింది. చోడి వసారాలో అన్నం తింటోంది. మావయ్య చేతికర్ర టకటకలాడించుకుంటూ పక్కనుంచి చేతులు కడుక్కోడానికి వెళ్తున్నారు. అది తినడం ఆపింది. కంచం మీద అలాగే బిగుసుకుపోయి, తల ఎత్తకుండా, కళ్లు మాత్రం పైకెత్తి, పైపెదవి పళ్ల మీంచి లేపి గుర్రుమంది. మావయ్య స్తంభంలా నిలబడిపోయేరు. కరవలేదు. నేనొచ్చి ఆయన్ని ఇవతలకి తీసుకొచ్చేను. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఆ రోజునుంచీ ఆయన వాదన ఏమిటంటే, షెల్టర్లో ఏదో మందిచ్చి మత్తులో పెట్టేరు, ఇప్పుడు దిగింది. మా ఆయన వెనక్కిచ్చేద్దామంటున్నారు (ఎప్పుడు కావాలన్నా వెనక్కి తీసుకుంటామని వాళ్లు కాయితం మీద రాసిచ్చేరు కూడా). మావాడు వాళ్ల నాన్నతో మాటాడ్డం మానేసేడు. టీకాలన్నీ అయ్యేయి, కార్డుంది.

నా ప్రశ్న ఒకటే. మంచి కుక్క చెడ్డదెలా అయింది? మా వల్లేనా?

—

పిక్క వాళ్ల నాన్న, పలాస (సెప్టెంబరు 9)

టీచరమ్మా, కొత్తకోడలు కాపరానికొచ్చిన నెలా ఎలగుంటాది? గాజుల చప్పుడైనా వినపడనివ్వదు, ఆకలేస్తోందని కూడా అనదు. అత్తగారు "మా కోడలు మహా నెమ్మది" అని ఊరంతా చెప్పుకుంటాది. ఆరు నెలలు పోయేక తెలుస్తాది ఆ పిల్లకి పప్పులో చింతపండు ఎక్కువైతే పడదని. మీ చోడికి ఇప్పుడు చింతపండు ఎక్కువైనాది, అంతే.

వేళాకోళం కాదు. షెల్టర్లో గోడవైపు తిరిగి కూచున్న కుక్కని చూసి మీరు నెమ్మదిది అనుకున్నారు. అది భయంతో బిగుసుకుపోయిన కుక్క. జాలీల మీదకి ఎగబడిన మూడింటికీ కనీసం "నన్ను తీసుకుపో" అనే ధైర్యముంది. మీదానికి అదీ లేదు. నలభై రోజులు మీ ఇంట్లో ఉన్నది కూడా ఆ గోడవైపు తిరిగిన కుక్కే. గ్యాస్ కుర్రాడి మీద మొరిగిన రోజే మీ ఇల్లు తన ఇల్లనుకోవడం మొదలెట్టింది.

మా పిక్క కథ చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు పడిపోయేయి. మాకున్న ఎకరన్నర జీడిలో నిలబడ్డవి లెక్కపెడితే వేళ్లు మిగిలేయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, కుక్కల్నెవరు చూస్తారు? కాశీబుగ్గలో కొందరు కుర్రాళ్లు ఖాళీగా పడున్న షెడ్డులో పది పన్నెండు కుక్కల్ని పెట్టి గంజీ అన్నం పోసేవారు. దాన్ని షెల్టర్ అనాలో లేదో నాకు తెలీదు, రేకుల షెడ్డు. డిసెంబరులో ఒకదాన్ని తెచ్చుకున్నాను. తోలు మాడిపోయిన జీడిపిక్కలాగుండేది, అదే పేరు పెట్టేం.

రెండు వారాలు అరుగెక్కలేదు. మా అమ్మ "ఓలమ్మో, దీనికి అరుగంటే ఏటో తెలీదురా" అని ఒక మెట్టు మీద అన్నం, మర్నాడు రెండో మెట్టు మీద అన్నం, అలగ పైకి తెచ్చింది. మూడో నెలలో మొదలెట్టింది కంచం దగ్గర గుర్రుమనడం, అచ్చం మీ చోడిలాగే. మా నాన్నకో సిద్ధాంతముండేది. తింటున్నప్పుడు కంచం లాగీసి మళ్లీ పెట్టు, యజమానెవరో తెలుస్తాది అని. నేను అలాగే చేసేను. నాలుగోసారి లాగితే బొటనవేలి కింద కరిచింది. ఇప్పటికీ రెండు పళ్ల గుర్తులున్నాయి. సర్కారు ఆసుపత్రికి నాలుగుసార్లు తిరిగి సూదులేయించుకున్నాను. తప్పు దానిది కాదు. ఆ షెడ్డులో పన్నెండు కుక్కలకి మూడు బేసిన్లు. అన్నం దగ్గరికి ఎవరొచ్చినా లాక్కోడానికే వస్తారని అక్కడ నేర్చుకుంది, నేను వెళ్లి అదే నిజమని రుజువు చేసేను!

తరవాత నా భార్య పద్ధతి మార్చింది. కంచం పెట్టి దూరంగా నిలబడి, ఉడకబెట్టిన గుడ్డుముక్క ఒకటి కంచం వైపు విసిరి వెళ్లిపోయేది. ఆగేది కాదు, పలకరించేది కాదు, వెళ్లిపోయేది. వారానికో అడుగు దగ్గర. రెండు నెలలకి మేం వస్తుంటే అదే తల ఎత్తి మా చేతులకేసి చూసేది, ఈసారి ఏటి తెచ్చేరు అన్నట్టు.

అన్నీ మారవు, అదీ చెప్తాను. ఇన్నేళ్లయినా కొబ్బరాకుల్లో గాలి కొంచెం జోరుగా వీస్తే చాలు, నవ్వారుమంచం కింద దూరిపోతాది. మేం మంచం మీద దుప్పటి నాలుగువైపులా కిందకి వేలాడదీసి వదిలేస్తాం. బయటికి లాగం.

—

మొహమాటం లేని మనిషి, శ్రీకాకుళం (సెప్టెంబరు 10)

అందరూ కథలు చెప్తున్నారు కాబట్టి నేను నిజం చెప్తాను. ఇంట్లో 78 ఏళ్ల పెద్దాయన. ఆయన తూలి పడితే తుంటి విరుగుతుంది, కుక్క కరవక్కర్లేదు, ఉరికితే చాలు. కుక్క మనసులో ఏముందో ఆలోచించే ముందు ఆయన మోకాళ్ల గురించి ఆలోచించండి. నన్నడిగితే పెద్దవాళ్లున్న ఇంటికి పెద్దకుక్కని తేవడమే తప్పు.

ఇంకోటి. మీరు అంత పొడుగు రాసి అసలు ముక్క మీద నిలబడలేదు. కర్ర. ఏడు రోడ్ల కూడలి దగ్గర మా షాపు, రోజూ చూస్తాను. ఎంత సాధువైన వీధికుక్కైనా కర్ర చప్పుడు వింటే ఒళ్లు బిగదీస్తుంది. మీ అబ్బాయి పక్కనుంచి వెళ్తే గుర్రుమందా? మీరు వెళ్తే? రాయలేదు. ముందది చూడండి.

—

చోడి వాళ్లమ్మ (సెప్టెంబరు 10)

మొహమాటం లేనివారూ, మీ మాట గుచ్చుకుంది కానీ నిజమే. నిన్న రాత్రి చూసేను. నేను వెళ్తే తోక ఒకసారి కదిలింది, తింటూనే ఉంది. మావాడు వెళ్తే తినడం ఆపి చూసింది, గుర్రుమనలేదు. మావయ్యని పంపే ధైర్యం చెయ్యలేదు, ఆయన కర్ర మాత్రం తీసుకుని నేనే నడిచేను. బిగుసుకుపోయింది! నా మీద!

పలాసవారి కొత్తకోడలి పోలిక మావయ్యకి చదివి వినిపించేను. "నువ్వు ఆరు నెలలెక్కడాగేవు, మూడోరోజే నోరెత్తేవు" అన్నారు. ఇంట్లో వారం తరవాత నవ్వు వినపడింది.

—

గరివిడి ఫైనలియర్ (సెప్టెంబరు 10)

అక్కా, గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. ఇంకా డాక్టర్ని కాలేదు, కాబట్టి నా మాట విని ఊరుకోకుండా దగ్గర్లో పశువుల డాక్టరుకి చూపించండి. ఎందుకంటే ఉన్నట్టుండి చిరాకు పెరిగితే మేం ముందు నొప్పి కోసం వెతుకుతాం. చెవిలో చీము, పంటి నొప్పి, కీళ్లు, గోమార్ల జ్వరం, ఏదైనా కావచ్చు. తినేటప్పుడే చిరాకంటే నోరు తప్పకుండా చూడాలి.

పై పెదవి నెమ్మదిగా ఎత్తనిస్తే కోరపళ్ల వెనకవైపు చూడమని డాక్టర్ని అడగండి. మీరు చూడకండి. ఎక్కువకాలం బంధించి ఉంచిన కుక్కలు కొన్ని జాలీ కొరికి కొరికి కోరల వెనకభాగం అరగదీసుకుంటాయి. అలాంటి గుర్తుంటే దాని గతం కొంచెం తెలిసినట్టే.

షెల్టర్ల వాళ్లు చెప్పుకునే 3-3-3 లెక్క ఒకటుంది. 3 రోజులు బెదురు, 3 వారాల్లో ఇంటి పద్ధతి పట్టుకుంటుంది, 3 నెలలకి ఇది నా చోటు అనుకుంటుంది. మీ లెక్కల పుస్తకంలో సూత్రంలా తీసుకోకండి, గుర్తుండటానికి చెప్పే మాట. మీ చోడి ఒక్కో గడికి ఎక్కువ టైము తీసుకుంటోంది.

"మంచి కుక్క చెడ్డదెలా అయింది" అన్నారు కదా. 2023లో అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన పేపరొకటి వచ్చింది. షెల్టర్ల నుంచి ఇళ్లకి వెళ్లిన 99 కుక్కల గురించి యజమానుల్ని 7, 30, 90, 180 రోజుల దగ్గర అడిగారు. కొత్తవాళ్ల మీద మొరగడం, గుర్రుమనడం లాంటివి మొదటివారంతో పోలిస్తే తరవాత పెరిగాయి. హుషారు పెరిగింది. చెప్పిన మాట వినడం కష్టమైంది. ఒంటరిగా వదిలితే పడే బాధ మాత్రం తరవాతి నెలల్లో తగ్గింది. ఇన్ని చెప్పాక కూడా ఆరునెలల దగ్గర కుక్క ప్రవర్తన ఎలా ఉందంటే నూటికి 90 మందికి పైగా బాగుంది, చాలా బాగుంది అనే అన్నారు. అంటే మీ ఇంట్లో జరుగుతున్నది మీ ఒక్కరింటి వింత కాదు.

గుర్రుమంటే కొట్టకండి, అరవకండి. అది హారన్. హారన్ తీగ తెంపేస్తే లారీ ఆగదు, చెప్పకుండా వచ్చి గుద్దుతుంది. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క తరవాత గుర్రుమనకుండా నేరుగా కరవడం నేర్చుకోవచ్చు. తాతగారి విషయంలో పైన శ్రీకాకుళం ఆయన చెప్పింది నేనూ చెప్తాను. కంచం వసారాలోంచి తీసి ఎవరూ నడవని చోట పెట్టండి, ఈరోజే. చోడి తింటున్నప్పుడు పిల్లలూ పెద్దలూ అటు వెళ్లకూడదు. తరవాత నెమ్మదిగా కర్రని అలవాటు చెయ్యండి. కర్ర కదలకుండా నేలమీద ఉన్నప్పుడు దానికి ఇష్టమైనది దొరకాలి. ఆ తరవాత తాతగారు కూచుని కర్ర పక్కన పెట్టుకున్నప్పుడు. ఆ తరవాత చేతిలో ఉన్నప్పుడు. మెట్టు మెట్టుగా, పలాస ఆయన వాళ్లమ్మగారు అరుగెక్కించినట్టే.

సిమెంటు మీదే వెళ్లడం మామూలే, షెల్టర్లో కాళ్లకింద తెలిసిన నేల అదొక్కటే. ఒక పాత సిమెంటు పలకో, గోనెపట్టానో జామచెట్టు కింద వేసి చూడండి. అది అలవాటయ్యాక చుట్టూ మట్టి పోస్తూ రండి.

ఏడుపు విషయం. మీరు వెళ్తున్నానని చెప్పి ముద్దులు పెట్టి వెళ్లకండి. సెలవురోజు చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగి రండి, మళ్లీ ఐదు, మళ్లీ రెండు. వెళ్లేటప్పుడు పాత తువ్వాలులో చపాతీ ముక్కలు మడతలు మడతలుగా చుట్టి ఇవ్వండి, విప్పుకుంటూ కూచుంటుంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరన్నం వద్దు. ఉడికిన ఎముకలు వద్దు, పుల్లలుగా విరిగి పేగులో గుచ్చుకుంటాయి.

చివరిగా, ఎప్పుడైనా పన్ను తగిలితే ఏం చెయ్యాలో అందరికీ తెలియాలి. కారే నీళ్లకింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు, మా ఊళ్లో ఇప్పటికీ పెడుతున్నారు. కుక్కకి టీకా కార్డున్నా సరే ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి.

—

బొబ్బిలి పిల్లులు (సెప్టెంబరు 12)

పిల్లుల సంగతి ఎవరూ రాయలేదు, రెండు ముక్కలు. మేం తెచ్చుకున్న పిల్లి పదకొండు రోజులు బీరువా మీద ఉంది. కిందకి దిగేక మా ఒళ్లోకొచ్చి కూచుంటుందని ఎదురుచూసేం. రెండేళ్లయింది. రాలేదు. కానీ లైటు తీసేసి అందరం పడుకున్నాక నా కాళ్లదగ్గరకొచ్చి పడుకుంటుంది, తెల్లారేసరికి ఉండదు. దుప్పటి మీద వెచ్చగా ఉన్న చోటుని బట్టి వచ్చిందని తెలుస్తుంది. షెల్టర్‌నుంచి వచ్చిన ప్రతిదీ ఫోన్లలో వీడియోల్లో చూపించినట్టు వారం తిరక్కుండా గంతులేస్తుందనుకోకండి. ఆ వీడియోలు చూసే నేను మొదటి ఏడాది బాధపడ్డాను.

—

మొహమాటం లేని మనిషి (సెప్టెంబరు 12)

కర్ర అని చెప్పింది నేను. ఎవరూ థాంక్స్ చెప్పలేదు.

—

పిక్క వాళ్ల నాన్న (సెప్టెంబరు 12)

థాంక్స్ బావా.

—

చోడి వాళ్లమ్మ (అక్టోబరు 26)

చాలామంది అడిగేరు, ఏమైందని. స్కూల్లో పరీక్షలు, దసరా, అమ్మవారి పండగ, దీపావళి, ఊపిరి తీసుకోలేదు.

ముందుగా శ్రీకాకుళంవారికి థాంక్స్. పెద్ద అక్షరాలతో రాసేననుకోండి.

డాక్టరుకి చూపించేం. ఎడమ పక్క దవడపన్ను విరిగి చిగురు వాచి ఉంది. తీసేసి మందులిచ్చేరు. గరివిడి తమ్ముడు చెప్పినట్టు కోరల వెనక చూడమని నేనే అడిగేను. డాక్టరు పెదవి పైకెత్తి టార్చి వేసి నన్ను పిలిచేరు. నాలుగు కోరల వెనకా పెన్సిల్‌ని బ్లేడుతో ఒకవైపే చెక్కినట్టు అరిగిపోయి ఉంది. తీగ పట్టే మందాన గాడి. పక్కనే నిలబడి మావాడు "అమ్మా, మనం వెళ్లినప్పుడిది జాలీ దగ్గరికే రాలేదు కదా" అన్నాడు. నాకేం చెప్పాలో తెలీలేదు. ఎన్నాళ్లు కొరికిందో, ఏ రోజున మానేసి గోడవైపు తిరిగిందో. అది మానేసేకే మేం వెళ్లేం, చూసి ఎంత నెమ్మదో అనుకున్నాం.

కంచం పెరట్లో నీళ్లకుండీ వెనక్కి మారింది. కర్ర చదువు మావయ్యే చెప్పేరు, నేను చెప్పించలేదు. మొదట "కుక్కకి నేను లంచం పెట్టాలా" అన్నారు. మర్నాటి నుంచి సాయంత్రం నాలుగింటికి పెరటిగుమ్మంలో కుర్చీ వేసుకుని, కర్ర కుర్చీ కింద పడుకోబెట్టి, గుడ్డుముక్కలు విసరడం మొదలు. శనివారం ఆయన గుడ్డు ముట్టరు కాబట్టి ఆరోజు ఉప్పులేని మరమరాలు. చోడికి వారాలు తెలుసని ఆయన నమ్మకం, శనివారం ఆలస్యంగా వస్తుందట. మూడోవారంలో కర్ర ఒడిలో పెట్టుకున్నారు. ఐదోవారంలో చేతిలో. ఆరోవారంలో కర్ర కొసతో గుడ్డుముక్కని ముందుకి నెట్టేరు. అది వాసన చూసింది ముక్కని కాదు, కర్రని. కిందనుంచి పైకి, ఆయన పిడికిలి దాకా, చాలాసేపు. అప్పుడు గుడ్డు తింది. మావయ్య లోపలికొచ్చి "పరీక్ష చేసింది నన్ను" అన్నారు. చోడి అన్నం తింటున్నప్పుడు మాత్రం ఆయన్నీ ఎవర్నీ ఇప్పటికీ అటు వెళ్లనివ్వడం లేదు.

అమ్మవారి పండగలో సిరిమానోత్సవం రోజు భయపడినంతా అయింది. మూడు లాంతర్ల కూడలి వైపునుంచి డప్పులు, పులివేషాల వాయిద్యాలు పొద్దుట్నుంచీ. కుట్టుమిషన్ వెనక్కి పోయింది, మొదటి మూడు రోజుల్లాగే. పలాసవారి మంచం దుప్పటి గుర్తొచ్చి మిషన్ మీంచి పాత చీర రెండు పక్కలకీ వేలాడదీసేను, ఫాను వేసి కిటికీలు మూసేను. మావయ్య కాళ్లు సాగక నాలుగేళ్లయి ఊరేగే సిరిమానుని టీవీలోనే చూస్తున్నారు. ఈసారి టీవీ గొంతు నొక్కేసి, బొమ్మ మాత్రం చూసేరు. రాత్రి పదిన్నరకి బయటికొచ్చి నీళ్లు తాగింది. పండగలన్నిటికీ ఇంతే అని తెలిసిపోయింది. దీపావళికి మావాడు కాకరపువ్వొత్తులతో సరిపెట్టుకున్నాడు, ఊరు సరిపెట్టుకోదు కదా.

ఏడుపు పక్కింటావిడ లెక్క ప్రకారం నలభై నిమిషాల నుంచి పదికి దిగింది. సిమెంటు పలక పనిచేసింది, ఇప్పుడు పలక కన్నా చుట్టూ ఉన్న మట్టే ఎక్కువ వాడుతోంది. బకెట్టు చప్పుడుకి మాత్రం ఇంకా గోడవైపు తిరుగుతుంది. ప్లాస్టిక్ బకెట్టు కొన్నాను. గ్యాస్ కుర్రాడికి క్షమాభిక్ష లేదు.

నిన్న మధ్యాహ్నం స్కూలు లేదు. చోడి నడిమింట్లో వసారా గుమ్మానికి అడ్డంగా, పూర్తిగా పక్కకి ఒరిగి, పొట్ట కనపడేలా కాళ్లు గాల్లోకి చాచి గుర్రు పెట్టి నిద్రపోతోంది. మావయ్య కర్రతో వచ్చి ఆగేరు. "జరగవే" అన్నారు. కళ్లు తెరవలేదు. తోక మాత్రం నేలమీద రెండుసార్లు తపతప కొట్టింది. ఆయన కాసేపు నిలబడి, వంటింట్లోంచి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్లేరు.

చెప్పుల లెక్క ఆరుకి చేరింది. అన్నీ ఎడమకాలివే. కుడికాలి చెప్పులు ఆరూ మా దగ్గర కొత్తవాటిలా ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి, తొమ్మిదో నంబరు.